భూమి పలకల కదలిక: తరచుగా అడిగే ప్రశ్నలు

పలక అంటే ఏమిటి? ఖండానికే మరో పేరా?

కాదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటే తర్వాత చదివేదంతా గజిబిజి అవుతుంది, అందుకే ముందు దీన్ని తేల్చుకోవాలి. భూమి పైన ఉన్న గట్టి రాతిపొర ఒకే ముక్కగా లేదు, కొన్ని పెద్ద ముక్కలుగానూ మరెన్నో చిన్న ముక్కలుగానూ విడిపోయి ఉంది. ఒక్కో ముక్క ఒక్కో పలక. పత్రికల్లో భూఫలకం అని కూడా రాస్తుంటారు. ఒక పలకలో ఖండం ఉండవచ్చు, సముద్రపు అడుగు ఉండవచ్చు, చాలావాటిలో రెండూ ఉంటాయి. ఆఫ్రికా పలకలో ఆ ఖండంతోపాటు అట్లాంటిక్ సముద్రపు అడుగులో పెద్ద భాగం కలిసే ఉంది. పసిఫిక్ పలక దాదాపు మొత్తం సముద్రం కిందనే ఉంది. ఆఫ్రికాకూ దక్షిణ అమెరికాకూ చెందిన పలకల మధ్య హద్దు ఏ తీరంలోనూ కనిపించదు. అది రెండు తీరాలకూ చాలా దూరంగా, నడిసముద్రంలో ఉంది.

పలక మందం సగటున 100 కిలోమీటర్లు. అందులో పైభాగం భూపటలం, అడుగుభాగం దాని కింద ఉండే భూప్రావారంలోని గట్టి పైపొర. ఈ రెండూ కలిపితే శిలావరణం. భూపటలం సముద్రాల కింద సుమారు 7 కిలోమీటర్లే ఉంటుంది. ఖండాల కింద 35 నుంచి 40 కిలోమీటర్లు, టిబెట్ కిందనైతే 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

మొత్తం ఎన్ని పలకలు ఉన్నాయి?

పెద్దవి ఏడు: పసిఫిక్, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, యూరేషియా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఇండో-ఆస్ట్రేలియా. చివరిదాన్ని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు భారత పలక, ఆస్ట్రేలియా పలక అని రెండుగా లెక్కిస్తున్నారు, ఎందుకంటే హిందూ మహాసముద్రం అడుగున ఆ రెండింటి నడుమ రాతిపొర నలుగుతోంది. వీటి తర్వాత నాజ్కా, అరేబియా, ఫిలిప్పీన్ సముద్రం, కోకోస్, కరీబియన్ వంటివి వస్తాయి. అంతకన్నా చిన్నవాటి సంఖ్య గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి మారుతుంది.

పలకలు కరిగిన లావా మీద తేలుతున్నాయా?

లేదు. ఇంతగా పాతుకుపోయిన అపోహ ఈ విషయంలో మరొకటి లేదు. తేలిగ్గా అర్థమవుతుందని ఎవరో ఒకసారి చెప్పిన మాట అలాగే నిలిచిపోయింది.

భూకంపం వచ్చినప్పుడు పుట్టే తరంగాల్లో ఎస్ తరంగాలు అనే రకం ఉంది. అవి ద్రవంలో ప్రయాణించలేవు. అయినా భూప్రావారం మొత్తాన్నీ దాటుకుని వెళ్ళిపోతాయి. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున, ద్రవంగా ఉన్న బాహ్య కేంద్రమండలం మొదలయ్యే చోట మాత్రమే ఆగిపోతాయి. అంటే పలకల కింద ఉన్నది ద్రవం కాదు, రాయి.

మరి రాయి మీద రాయి ఎలా జరుగుతుంది? కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముక్కను గుర్తు చేసుకోండి. అది కరగదు. పట్టకారుతో పట్టుకుంటే ముక్కగానే ఉంటుంది. అయినా సుత్తి దెబ్బకు సాగుతుంది, వంగుతుంది. పలకల అడుగున ఉన్న రాయి పరిస్థితీ దాదాపు అదే. అక్కడి వేడి దాన్ని కరిగే దశకు చాలా దగ్గరగా తెస్తుంది, పైనున్న బరువు పూర్తిగా కరగనివ్వదు. ఆ పొరను ఆస్థెనోస్ఫియర్ అంటారు. సుత్తితో కొడితే పగిలేంత గట్టిదే, కానీ లక్షల ఏళ్ళ పాటు ఒత్తిడి ఉంటే మెల్లగా సాగి ప్రవహిస్తుంది. హిమానీనదం గట్టి మంచే అయినా లోయలోకి జారుతూ రావడం మనం కళ్ళారా చూస్తాం. ఇక్కడ జరిగేది కూడా అలాంటిదే, అంతకన్నా ఎంతో నెమ్మదిగా.

అగ్నిపర్వతాల నుంచి వచ్చే లావా మాత్రం నిజంగా ద్రవమే. కాకపోతే అది భూమి లోపల అంతటా నిండి ఉన్నది కాదు, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో కొన్ని చోట్ల మాత్రమే తయారవుతుంది.

అంత బరువైన పలకలను కదిలిస్తున్నది ఏమిటి?

అసలు మూలం భూమి లోపలి వేడి. కొంత భూమి పుట్టినప్పటిది. మిగతాది యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాల్లోని రేడియోధార్మికత వల్ల ఇప్పటికీ పుడుతూనే ఉంది. ఆ వేడి బయటపడే క్రమంలో భూప్రావారం అతి నెమ్మదిగా కలయతిరుగుతుంది.

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ కలయతిరగడం పొయ్యి మీద మరిగే నీళ్ళలా సుడులు తిరుగుతూ, పైన కూర్చున్న పలకలను మోసుకుపోతున్నట్టు ఉంటుంది. అది సగం నిజమే. పలకలు ఊరికే కూర్చున్న ప్రయాణికులు కావు. వాటిని లాగే బలంలో అధిక భాగం వాటి సొంత బరువుదే. సముద్ర మధ్యంలో కొత్తగా పుట్టిన రాతిపొర వేడిగా, పలుచగా, తేలికగా ఉంటుంది. పుట్టిన చోటి నుంచి దూరం జరిగే కొద్దీ చల్లబడుతుంది, మందమవుతుంది, బరువెక్కుతుంది. చివరికి కింద ఉన్న వేడి రాయికన్నా బరువైపోయి, అంచు దగ్గర భూమిలోకి కుంగుతుంది. మంచం మీద పరిచిన బరువైన దుప్పటిలో ఒక అంచు కిందికి వేలాడితే, మిగతా దుప్పటి కూడా మెల్లగా అటే జారిపోతుంది కదా? అలా కుంగే అంచు వెనకున్న పలకనంతా ఈడ్చుకుపోతుంది.

దీనికి రుజువు పలకల వేగాల్లోనే ఉంది. పసిఫిక్, నాజ్కా, కోకోస్ పలకలకు ఇలా కుంగే అంచులు పొడవుగా ఉన్నాయి, అవి వేగంగా కదులుతాయి. ఆఫ్రికా, యూరేషియా పలకలకు అలాంటి అంచులు చాలా తక్కువ, అవి నెమ్మదిగా కదులుతాయి.

ఎంత వేగం? దాన్ని ఎలా కొలుస్తారు?

అట్లాంటిక్ మధ్యలో రెండు పక్కల పలకలూ ఏడాదికి సుమారు 2.5 సెంటీమీటర్ల చొప్పున ఒకదానికొకటి దూరమవుతున్నాయి. పసిఫిక్ తూర్పు భాగంలో కొన్నిచోట్ల ఇది 15 సెంటీమీటర్ల దాకా ఉంది. ఏడాదికి 5 సెంటీమీటర్లు జరిగే పలక మీద ఒక మనిషి ఎనభై ఏళ్ళు బతికితే, అతను పుట్టిన నేల 4 మీటర్లు జరిగి ఉంటుంది. ఒక గది పొడవు! ఈ గది పొడవును గుర్తుపెట్టుకోండి, భూకంపాల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

కొలవడానికి జీపీఎస్ యాంటెన్నాను నేల లోపలి గట్టి రాతికి బిగిస్తారు, ఏళ్ళ తరబడి దాన్ని కదపకుండా ఉంచుతారు. అది ఏటా ఎన్ని మిల్లీమీటర్లు, ఏ దిక్కుకు జరిగిందో లెక్కలో తేలుతుంది. అంతకుముందే, 1980లలో, కోట్లాది కాంతి సంవత్సరాల దూరంలోని క్వాజార్లు అనే అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల రేడియో తరంగాలను వేర్వేరు ఖండాల్లోని టెలిస్కోపులతో ఒకేసారి పట్టి, ఖండాల మధ్య దూరం మారడాన్ని నేరుగా కొలిచారు.

ఖండాలు కదులుతాయని మొదట ఎవరు చెప్పారు? ఎందుకు నమ్మలేదు?

తీరరేఖలు ఒకదానిలో ఒకటి అమరినట్టు ఉన్నాయని అంతకుముందే కొందరు గమనించారు. కానీ సాక్ష్యాలన్నీ కూర్చి 1912లో ఒక సిద్ధాంతంగా ముందుకు తెచ్చినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. ఆయన జర్మనీకి చెందిన వాతావరణ శాస్త్రవేత్త. నీళ్ళలో బతికిన మెసోసారస్ అనే చిన్న సరీసృపం శిలాజాలు దక్షిణ అమెరికాలోనూ దక్షిణ ఆఫ్రికాలోనూ మాత్రమే దొరికాయి. అంత చిన్న జీవి అట్లాంటిక్‌ను ఈదిందంటే నమ్మలేం. గ్లాసోప్టెరిస్ అనే మొక్క ఆకుల ముద్రలు భారత్, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా అన్నిటిలోనూ ఉన్నాయి. ఎండలు మండే ఒడిశాలోని తాల్చేరు ప్రాంతపు రాళ్ళలో కూడా ఒకనాటి హిమానీనదాలు వదిలిపోయిన గుండ్రాళ్ళున్నాయి. ఈ నేలలన్నీ ఒకప్పుడు ధ్రువం దగ్గర కలిసి ఉంటే తప్ప ఇవన్నీ ఒక కథలో ఇమడవు.

అయినా చాలామంది ఒప్పుకోలేదు. ఖండాలను కదిలించే బలం ఏమిటన్న ప్రశ్నకు వెగెనర్ దగ్గర సరైన జవాబు లేదు. ఖండాలు సముద్రపు అడుగును చీల్చుకుంటూ పోతాయన్న ఆయన మాట భౌతికశాస్త్రానికి నిలవలేదు. ఆయన పొరబడింది కారణం విషయంలో, కదలిక విషయంలో కాదు. 1930లో గ్రీన్‌లాండ్ మంచు మీద శాస్త్రయాత్రలో ఉండగానే, యాభై ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు. తన మాట నెగ్గడం చూడకుండా వెళ్ళిపోయాడన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మరి అందరూ ఎప్పుడు ఒప్పుకున్నారు?

1960లలో. తాళంచెవి సముద్రం అడుగున దొరికింది.

1950ల మొదట్లో అమెరికాలో మేరీ థార్ప్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త, ఓడలు ధ్వని సాయంతో కొలిచి తెచ్చిన లోతుల లెక్కలను కాగితం మీద గీస్తూ ఉండేది. ఆడవాళ్ళను ఆ పరిశోధన ఓడలు ఎక్కనిచ్చేవారు కాదు, అందుకే ఆమె పనంతా బల్ల దగ్గరే. అట్లాంటిక్ మధ్య ఉన్న పర్వతశ్రేణిని గీస్తుంటే, దాని శిఖరం పొడవునా ఒక లోతైన లోయ ప్రతి అడ్డుకోత గీతలోనూ అదే చోట కనిపించింది. నేల విచ్చుకుంటే ఏర్పడే పగులు లోయ అది. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట దాన్ని ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. తర్వాత సముద్రంలో వచ్చిన భూకంపాల కేంద్రాలను అదే కొలతలో గీయించి పక్కన పెట్టి చూస్తే, ఆ చుక్కలన్నీ సరిగ్గా ఆ లోయ వెంబడే వరుస కట్టాయి. ఆ ఒక్క సన్నివేశం కోసమైనా ఈ శాస్త్ర చరిత్ర చదవాలి.

1962లో అమెరికా భూవిజ్ఞాన శాస్త్రవేత్త హారీ హెస్ ఈ శ్రేణుల దగ్గర కొత్త సముద్రపు అడుగు పుట్టి రెండు వైపులా విస్తరిస్తోందన్నాడు. 1963లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ దానికి పరీక్ష చూపించారు. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి అయస్కాంత క్షేత్రం దిక్కును అలాగే పట్టి ఉంచుతాయి. భూమి అయస్కాంత క్షేత్రం అప్పుడప్పుడు తలకిందులవుతుంది, చివరిసారి సుమారు 7.8 లక్షల ఏళ్ళ కిందట అయింది. కాబట్టి సముద్రపు అడుగు విస్తరించే మాట నిజమైతే, శ్రేణికి రెండు పక్కలా ఒకదాని ప్రతిబింబంగా మరొకటి ఉండేలా అయస్కాంత చారలు ఉండాలి. ఉన్నాయి. 1968 నుంచి గ్లోమర్ ఛాలెంజర్ ఓడ సముద్రపు అడుగును తవ్వి తీసిన రాళ్ళ వయసు కూడా శ్రేణి నుంచి దూరం పోయేకొద్దీ పెరుగుతూ వచ్చింది. ఆ తర్వాత వాదన పెద్దగా మిగలలేదు.

సముద్రపు అడుగు ఖండాలకన్నా వయసులో చిన్నదా?

చాలా చిన్నది. పసిఫిక్ పశ్చిమ భాగంలో ఉన్న బాగా పాత సముద్రపు అడుగుకు కూడా దాదాపు 18 కోట్ల ఏళ్ళే. కెనడాలో 400 కోట్ల ఏళ్ళ నాటి శిలలున్నాయి. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువులకు 440 కోట్ల ఏళ్ళు. సముద్రపు అడుగు బరువైన బసాల్టు రాయి. వయసు మీరితే భూమిలోకి కుంగిపోతుంది. ఖండపు రాయి తేలిక, ఎంత నెట్టినా మునగదు. అందుకే ఖండాల మీద పాత గాయాలన్నీ మిగిలి ఉంటాయి, సముద్రం ఎప్పటికప్పుడు కొత్తదవుతుంది.

హిమాలయాలు ఎలా పుట్టాయి? ఇంకా పెరుగుతున్నాయా?

ఖండపు రాయి మునగదని ఇప్పుడే చెప్పుకున్నాం. మునగని రెండు ఖండాలు ఎదురెదురుగా వస్తే ఏమవుతుందో హిమాలయాలు చూపిస్తాయి.

దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా అనే పాత మహాఖండం నుంచి విడివడిన భారత భూభాగం ఉత్తరానికి బయలుదేరింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా కదిలింది. ఖండాల లెక్కన అది పరుగే. దారిలో ఉన్న టెథిస్ సముద్రపు అడుగు ఆసియా కిందికి కుంగుతూ వచ్చింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం మూసుకుపోయి ఖండం ఖండాన్ని తాకింది. వేగం తగ్గింది కానీ ప్రయాణం ఆగలేదు. రాతిపొరలు మడతలు పడ్డాయి, తెగి ఒకదానిపై ఒకటి ఎక్కాయి. భూపటలం మందం రెట్టింపయింది.

ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లు. ఆ శిఖరం మీద ఉన్నది సున్నపురాయి. అందులో ట్రైలోబైట్ల వంటి సముద్ర జీవుల ముక్కలున్నాయి. సుమారు 45 కోట్ల ఏళ్ళ కిందట వెచ్చని, లోతులేని సముద్రం అడుగున పేరుకున్న బురద అది. ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి దగ్గర నేను ఒక్క క్షణం ఆగిపోతాను.

భారత పలక ఇప్పటికీ ఏడాదికి 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉత్తర, ఈశాన్య దిక్కుగా కదులుతోంది. అందులో 2 సెంటీమీటర్ల వరకు హిమాలయాల్లోనే ఇముడుతోంది. పర్వతాలు పైకి లేస్తున్నాయి, నదులు అంతే పట్టుదలగా కోస్తున్నాయి. ఆ కోసిన మట్టి గంగ, బ్రహ్మపుత్రల ద్వారా చేరి బంగాళాఖాతం అడుగున ప్రపంచంలోనే అతి పెద్ద మేటగా పరుచుకుంది.

అగ్నిపర్వతాలు ఎందుకు వరుసలుగా ఉంటాయి?

పసిఫిక్ చుట్టూ దాదాపు 40,000 కిలోమీటర్ల పొడవున అగ్నిపర్వతాల వలయం ఉంది. ప్రపంచంలోని క్రియాశీల అగ్నిపర్వతాల్లో నాలుగింట మూడు వంతులు అక్కడే. ఆ తీరాల్లో చాలాచోట్ల సముద్రపు పలక మరో పలక కిందికి దూరుతోంది. దూరే చోట లోతైన అగాధాలు ఏర్పడతాయి. మరియానా అగాధం లోతు దాదాపు 11 కిలోమీటర్లు.

రెండు పలకల రాపిడి వేడికే రాయి కరుగుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం నీళ్ళు. కుంగే పలకలోని ఖనిజాల్లో సముద్రపు నీరు బంధించబడి ఉంటుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఒత్తిడికీ వేడికీ ఆ నీరు బయటపడి పైనున్న రాయిలోకి ఎక్కుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టిన శిలాద్రవం పైకి వస్తుంది. అగ్నిపర్వతాలు సరిగ్గా అగాధం అంచున కాకుండా కొంత లోపలికి, దానికి సమాంతరంగా నిలబడటానికి కారణం ఇదే.

హవాయి పలక మధ్యలో ఉంది కదా, అక్కడ ఎందుకు?

అక్కడ భూప్రావారం లోతుల నుంచి వేడి రాయి పైకి పొంగే స్థానం ఒకటుంది. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పైన పలక జరిగిపోతుంది. అందుకే దీవుల వయసు వరుసగా పెరుగుతుంది: పెద్ద దీవికి పది లక్షల ఏళ్ళ లోపే, వాయవ్యాన ఉన్న కవాయికి సుమారు 50 లక్షలు. ఆపై దీవులు అరిగి, మునిగి, సముద్రం అడుగు కొండలుగా కమ్చట్కా వైపు సాగుతాయి. ఆ కొసన ఉన్నవాటికి దాదాపు 8 కోట్ల ఏళ్ళు.

రోజూ మెల్లగా కదిలే పలకలు ఒక్కసారిగా భూకంపం ఎందుకు తెస్తాయి?

పలక లోపలి భాగం రోజూ కదులుతుంది. అంచు మాత్రం పక్క పలకకు రాసుకుని పట్టేసుకుంటుంది. లోపల జరిగిన ప్రతి సెంటీమీటరూ అంచు దగ్గర తీరని బాకీగా పేరుకుంటుంది, రాయి విల్లులా వంగుతుంది. ఒకరోజు ఆ పట్టు వీడుతుంది. వంద, రెండువందల ఏళ్ళ బాకీ నిమిషాల్లో తీరిపోతుంది. ఆ విదిలింపే భూకంపం.

1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత, శాన్ ఆండ్రియాస్ భ్రంశం (రెండు పలకల మధ్య పగులు) మీదుగా పోయే ఒక కర్రల కంచెను చూశారు. తిన్నగా వేసిన కంచె ఒకచోట తెగి, రెండో సగం సుమారు 5 మీటర్లు పక్కకు జరిగి, అక్కడి నుంచి మళ్ళీ తిన్నగా సాగిపోతోంది. ఇందాకటి గది పొడవు దాదాపు ఇదే, కాకపోతే ఒక్క నిమిషంలోపు.

పలకలు పక్కపక్కన జారితే కంచె పక్కకు జరుగుతుంది. ఒకదాని కింద ఒకటి దూరే చోట నేల పైకి లేస్తుంది. 1835 ఫిబ్రవరి 20న చిలీలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు చార్లెస్ డార్విన్ ఆ తీరంలోనే ఉన్నాడు. ఆయన ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ శాంటా మరియా దీవిలో రాళ్ళకు అంటుకునే ఉన్న ఆల్చిప్పలు పోటు నీటి గీతకు 10 అడుగుల ఎత్తున కుళ్ళుతుండటం చూశాడు. ఆ నేల లేచిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇలా సముద్రపు అడుగు లేచినప్పుడు పైనున్న నీరు కూడా లేస్తుంది, అదే సునామీ. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పలకల అంచు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున తెగింది. హిందూ మహాసముద్రపు తీరాల్లో రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి.

పలకల అంచులకు దూరంగా కూడా భూకంపాలు వస్తాయా?

వస్తాయి. అంచున పడిన ఒత్తిడి పలక అంతటికీ పాకుతుంది, లోపల ఎప్పటివో పాత బలహీన రేఖలు ఉంటే అక్కడ తెగుతుంది. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రత 6.2 మాత్రమే. కానీ తక్కువ లోతున, అందరూ నిద్రలో ఉన్న వేళ రావడంతో, బరువైన రాతి గోడల ఇళ్ళు కూలి వేలమంది చనిపోయారు. అంచుకు దూరంగా ఉన్నాం కాబట్టి ఏమీ కాదన్న ధీమాతో ఇల్లు కట్టకూడదు.

భూకంపం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలరా?

తేదీ, సమయం ఎవరూ చెప్పలేరు. చెబుతామన్నవారిని నమ్మవద్దు. ఏ ప్రాంతంలో ఎంత ఒత్తిడి పేరుకుంది, రాబోయే కొన్ని దశాబ్దాల్లో ప్రమాదం ఎంత అన్నది మాత్రం అంచనా వేయగలరు. భూకంపం మొదలయ్యాక, బలమైన తరంగాలు చేరేలోపు కొన్ని సెకన్ల హెచ్చరిక ఇచ్చే ఏర్పాటు జపాన్‌లో ఉంది.

ఇప్పుడు ఎక్కడైనా కొత్త సముద్రం పుడుతోందా?

తూర్పు ఆఫ్రికాలో. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో 2005 సెప్టెంబరులో సుమారు 60 కిలోమీటర్ల పొడవున నేల చీలి, కొన్ని రోజుల్లోనే కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా విచ్చుకుంది. లోపల శిలాద్రవం ఎక్కి ఆ సందును నింపింది. దానికి పక్కనే ఉన్న ఎర్రసముద్రం ఇదే పనిలో ముందుకు వెళ్ళిపోయిన తోబుట్టువు.

వేరే గ్రహాల మీద ఇలా జరుగుతుందా?

ఇప్పటివరకు తెలిసినంతలో భూమి మీద తప్ప పలకలు ఇలా కదలడం మరే గ్రహం మీదా కనిపించలేదు. అంగారకుడి మీద ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు. అక్కడ నేల జరగదు కాబట్టి లావా అంతా కోట్ల ఏళ్ళు ఒకేచోట పేరుకుంది. హవాయిలో అదే లావా దీవుల వరుసగా పంచుకుపోయింది.

ఈ కదలిక వల్ల మన పటాలు తప్పవుతాయా?

అవుతాయి. ఆస్ట్రేలియా ఏడాదికి 7 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా కదులుతోంది. ఆ దేశం 1994లో ఖాయం చేసుకున్న అక్షాంశ, రేఖాంశాలు 2020 నాటికి 1.8 మీటర్లు తేడా పడతాయని లెక్కకట్టి, కొత్త కొలమానానికి మారింది. గోడకు తగిలించిన పటంలో ఆ తేడా కనిపించదు. ఉపగ్రహాన్ని నమ్ముకుని పొలంలో తనంతట తానే నడిచే ట్రాక్టరు మాత్రం పాత లెక్కలతో వెళితే పక్క సాలు దున్నుతుంది.